నాలుగో బోగీ ఇరుసు

మార్లీన్ కోటు గుండీలు విప్పడానికి చాలాసేపు పట్టింది. నీలం ఉన్ని కోటు, వెండి రంగు గుండీలు, జేబు మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ. సిల్వర్ హెరాన్ రైల్లో పనిచేసే బోగీ అటెండెంట్లందరికీ కంపెనీ ఇచ్చే కోటు అది. ఉద్యోగం పోయినవాళ్ళు దాన్ని తిరిగి ఇచ్చేయాలి. హెచ్.ఆర్. అమ్మాయి బల్ల అవతల ప్లాస్టిక్ సంచీ తెరిచి పట్టుకుని నిలబడింది. మార్లీన్ కోటు విప్పి, దులిపి, చేతులు లోపలికి మడిచి, పెళ్ళివారికి పెట్టే బట్టల్లా పొందిగ్గా సంచీలో సర్దింది. ఆ తర్వాత లోపలి పల్చటి చొక్కాతో చలిలోకి ఎలా వెళ్ళాలో తోచనట్టు కాసేపు అక్కడే ఉండిపోయింది.

గాజు గోడకి ఇవతల తన సీట్లో కూర్చుని దెబోరా ఇదంతా చూస్తోంది. చూడకూడదు అనుకుంటూనే చూస్తోంది. ఆ కోటు విప్పించింది తనేనని ఆ ఆఫీసులో తనకొక్కదానికే తెలుసని అనుకుంటోంది. 

మార్లీన్ చేసిన నేరం ఇదీ. కిందటి శనివారం రైలు నది మీది వంతెన దాటుతుండగా, నాలుగో బోగీలో ఏదో కాలుతున్న వాసన వస్తోందని ఎమర్జెన్సీ బ్రేకు లాగింది. రైలు గుంజుకుని ఆగింది. భోజనాల బోగీలో షాంపేన్ గ్లాసులు పగిలాయి. కంపెనీని కొందామని వచ్చిన పెద్దమనిషి భార్య తూలిపడి మణికట్టు బెణికించుకుంది. వంతెన మీద కిందికి దిగి చక్రాలు చూసే చోటు లేదు. అందుకని కండక్టరు బ్రయన్ ఆఫీసుకి ఫోన్ చేసి, చక్రాల సెన్సర్లు ఏమంటున్నాయని అడిగాడు. ఆ పూట స్క్రీన్ ముందున్నది దెబోరా. ఒక్కో ఇరుసుకీ ఒక్కో చిన్న గడి. గడులన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. 'అంతా గ్రీన్,' అంది. ఆ మాటతో రైలు కదిలింది. అదే మాటతో మార్లీన్ ఉద్యోగం పోయింది.

సోమవారం ఎందుకో దెబోరా ఆ శనివారం నాటి గడి రంగు వదిలి లోపలి వేడి అంకె చూసింది. అది పాత హద్దుకి చాలా పైన ఉంది.

ఎండాకాలంలో ఆ నాలుగో బోగీ సెన్సరు పాడై ఊరికే అలారం కొట్టేది. రైలు మాటిమాటికీ ఆగుతోందని ప్రయాణికులు గోల పెడుతుంటే, మేనేజరు అవినాష్ చెప్పగా దెబోరాయే అలారం హద్దుని పైకి జరిపింది. తర్వాత కొత్త సెన్సరు వేశారు. హద్దుని మళ్ళీ కిందికి దించడం ఇద్దరూ మరిచిపోయారు. ఆఫీసు భాషలో దాన్ని టెంపరరీ ఫిక్స్ అంటారు. తాత్కాలికం అన్నదానికున్నంత ఆయుష్షు ఈ లోకంలో శాశ్వతానికి లేదు. ఇరుసు చివర ఉండే బేరింగ్ అరిగితే వేడెక్కుతుంది. అలా వేడెక్కి బిగుసుకుపోతే ఇరుసు విరుగుతుంది, బోగీ పట్టాలు తప్పుతుంది. కిందటి శనివారం వంతెన మీద ఆ బేరింగ్ నివురుగప్పిన నిప్పులా ఉంది. స్క్రీన్ మీద మాత్రం పచ్చ గడి.

మార్లీన్ తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. దెబోరా బల్ల దగ్గర ఆగి ఆమె భుజం తట్టింది.

"మొహం అలా పెట్టకమ్మా. నీ తప్పేముంది? నీ మెషీన్ చెప్పింది నువ్వు చెప్పావు."

దెబోరా స్క్రీన్ వైపు తిరిగింది. మార్లీన్‌కి మామూలుగా మాటలెక్కువ. రైలు ఆఖరి స్టేషన్ చేరాక బోగీ ఈ చివర్నించి ఆ చివరికి 'అందరూ దిగారా?' అని పాటలా అరుచుకుంటూ నడిచేది. ఒక్కరూ లేని బోగీలో కూడా అలాగే అరిచేది. ఆఫీసులో కుర్రకారు ఆవిడ గొంతు అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఈరోజు ఎవరూ నవ్వలేదు, ఎవరూ తలెత్తి చూడలేదు కూడా.

ఆవిడ వెళ్ళగానే దెబోరా లేచి కాఫీ మెషీన్ దగ్గరున్న అవినాష్ దగ్గరికి వెళ్ళింది. వరంగల్ వాడు, ఈ ఉద్యోగానికి ఆమెని రిఫర్ చేసింది అతనే.

"అవినాష్ గారూ, ఆవిడకి వాసన వచ్చిన మాట నిజవేనండి. డేటా మళ్ళీ చూశాను. లిమిట్ పాతది ఉండుంటే వంతెన రాకముందే అలారం కొట్టేది."

"తెలుసు," అన్నాడు అవినాష్, కప్పులో చక్కెర కలుపుతూ.

"తెలుసా?"

"నేను గూడ చూసిన. మెల్లగ మాట్లాడండి. ఈ శనివారం ఒక్కటి గడవనియ్యండి దెబోరా గారూ. బయ్యర్లు మళ్ళ వస్తున్నరు. ఆ రైడ్ మంచిగ అయితే అదే రోజు డీల్ సైన్ చేస్తరు. తెల్లారి బోగీని షెడ్‌లకు పంపిస్త. నాది జిమ్మేదారి."

"ఈలోగా చక్రం తీసి చూడొచ్చు కదండీ."

"బోగీని జాకీల మీద లేపాలె. బేరింగ్ ఆర్డర్ ఇచ్చి చేపియ్యాలె, డెబ్బై ఏండ్ల బోగీకి రెడీమేడ్‌గ ఏడ దొరుకుతది? నాలుగో బోగీ లేకుంటే రైడే లేదు. గాజు గుమ్మటం ఉన్నది దానికే గద." అతను చెంచా పక్కన పెట్టి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "డీల్ పోతే కంపెనీ పోతది. కంపెనీ పోతే మీ హెచ్-వన్ వీసా ఏంగావాలె? నా గ్రీన్ కార్డ్ ఫైలింగ్ ఏంగావాలె? జర ఆలోచించండి."

"మరి మార్లీన్ గారి సంగతి?"

"ఆమె సిటిజన్. ఇంకో జాబ్ దొరుకుతది," అని కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు.

అతని మాటలో అబద్ధం లేదు. దెబోరాని భయపెట్టింది అదే.

*

గురువారం సాయంత్రం పిస్కాటవేలోని దెబోరా అపార్ట్‌మెంట్‌లో గృహ కూడిక జరిగింది. సోఫాలు గోడకి జరిపి, కార్పెట్ మీద దుప్పట్లు పరిచారు. పాటలూ వాక్యమూ అయ్యాక టీలు అందాయి. ఇక ప్రార్థనాంశాలు పక్కకి పోయి శనివారం ప్రయాణం ముందుకొచ్చింది. శనివారం నాలుగో బోగీ గుమ్మటం కింది సీట్లన్నీ ఈ తెలుగు సంఘానివే.

ఇందులో కంపెనీ గొప్పేం లేదు. అంతా దెబోరా సాక్ష్యం మహిమ. వసంతకాలంలో ఆమె పాత ఉద్యోగం ఊడింది. వీసా మీదున్నవాళ్ళకి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి ఇచ్చే అరవై రోజుల గడువు అయిపోవచ్చింది. సూట్‌కేసులు అటక మీంచి దించేసిన వారంలో సిల్వర్ హెరాన్ నుంచి ఆఫర్ వచ్చింది. ఆ ఆదివారం ఆరాధనలో దెబోరా మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. పట్టాలు లేని చోట దేవుడు తనకి పట్టాలు వేశాడని ఏడ్చింది, అందర్నీ ఏడిపించింది. అప్పుడే పాస్టర్ సుందర్ రాజ్ గారు లేచి, దేవుడు మన సహోదరికి ఇచ్చిన రైలు ఎక్కి ఒకరోజు మనమంతా ఆయన్ని స్తుతిద్దాం అన్నారు. సంఘమంతా చేతులెత్తింది. ఆ చేతులు ఇప్పుడు ఆమె మెడ చుట్టూ ఉన్నాయి.

"వాళ్ళే బ్రంచ్ పెడతారంట కదా దెబోరా?" అడిగింది క్రిస్టినా. సంఘంలో వంటల బాధ్యత ఆవిడది.

"పెడతారక్కా."

"ఏం పెడతారులే, ఉప్పూ కారం లేని గుడ్లు. నేను పులిహోర కలిపి పట్టుకొస్తాను. పెద్ద స్టీలు డబ్బా ఎక్కనిస్తారా?"

"ఎక్కనివ్వకపోతే దాన్ని వొళ్ళో పెట్టుకుని నువ్వే ఎక్కుదువుగాని," అంది పాస్టర్ గారి భార్య దయామణి. ఆవిడని సంఘంలో అందరూ అమ్మగారు అంటారు. ఏలూరు ఆస్పత్రిలో నర్సుగా చేసి వచ్చిన మనిషి. ఎవరైనా కడుపు నొప్పి అంటే ప్రార్థన చేసే ముందు ఏ పక్క నొప్పి అని అడుగుతుంది.

అందరూ నవ్వారు. సుందర్ రాజ్ గారు కూడా నవ్వి, "శనివారం ప్రయాణ ప్రార్థన మన దెబోరమ్మే చేయాలి. ఆమె విశ్వాసం వల్లే కదా ఎక్కుతున్నాం," అన్నారు.

"నేనెందుకండీ అయ్యగారూ, మీరు ఉండగా," అంది దెబోరా.

"కాదమ్మా, నువ్వే."

ఆమె టీ కప్పులు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సింకులో నీళ్ళు వదిలి, కప్పు మీద కప్పు తోముతూ ఉండిపోయింది. భర్త వినయ్ కుమార్ మిగిలిన బిస్కెట్లు డబ్బాలో వేయడానికి వచ్చి ఆమె చేతులకేసి చూశాడు. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది.

"ఏమైంది?"

హాల్లో పాట అందుకున్నారు. ఆ చప్పుడు చాటున ఆమె అంతా చెప్పేసింది. హద్దు జరపడం, పచ్చ గడి, మార్లీన్ కోటు, అవినాష్ మాట. వినయ్ డబ్బా మూత పెట్టడం మరిచిపోయి విన్నాడు. అతనికి సొంత వీసా లేదు. ఆమె నీడలోనే అతనూ, హాల్లో అమ్మగారి వొళ్ళో కూర్చున్న కూతురు షారోనూ ఉన్నారు.

"మనవాళ్ళు ఎక్కేది ఆ బోగీయేనా?"

"ఆ బోగీయే."

"పోనీ ఓ పని చేయి. వర్షం అనో, సీట్లు డబుల్ బుక్ అయ్యాయనో చెప్పి మనవాళ్ళ ట్రిప్ కాన్సిల్ చేయించెయ్."

"మిగతావాళ్ళో?"

వినయ్ మూత తీసుకుని డబ్బాకి గట్టిగా బిగించాడు. "నేను మిగతావాళ్ళ గురించి అనలేదు," అన్నాడు చివరికి, అటు తిరిగి.

అతని మీద ఆమెకి కోపం రాలేదు. ఆ ఆలోచన తనకి సోమవారమే వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయినప్పుడు మనిషికి మొదట కనబడేది పక్క సందే.

*

శుక్రవారం మధ్యాహ్నం దెబోరా యార్డుకి వెళ్ళింది. ఆ ఉదయం ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా అలారం హద్దుని పాత చోటికి దించబోయింది. ఆ పేజీ తెరుచుకోలేదు. మీకు అనుమతి లేదని స్క్రీన్ మర్యాదగా చెప్పింది. నిన్నటిదాకా ఉన్న అనుమతి రాత్రికి రాత్రి పోయింది. అవినాష్ సీటు కేసి చూస్తే అతను ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అది ఎవరి పనో ఇక అడగక్కర్లేకపోయింది.

యార్డు డెలావేర్ నది ఒడ్డున ఉంది. గట్టున ఎర్రబడ్డ చెట్లు, వాటి ముందు బారుగా నిలబడ్డ సిల్వర్ హెరాన్. కూలికి పిలిచిన మనుషులు నిచ్చెనలెక్కి స్టీలు పలకలని గుడ్డలతో రుద్దుతున్నారు. ఆ తళతళకి కళ్ళు చికిలించుకోవాల్సి వచ్చింది.

ఒకప్పుడు బొగ్గు ఇంజన్ల మసితో విసిగిపోయిన జనానికి ఇలాంటి డీజిల్ ఎక్స్‌ప్రెస్‌లు దేవలోకం నుంచి దిగినట్టే కనిపించాయి. నున్నటి స్టీలు ఒళ్ళు, గాజు గుమ్మటాలు, తెల్లగుడ్డ పరిచిన భోజనం బల్లలు, బల్ల బల్లకీ ఒక రోజాపువ్వు. సిల్వర్ హెరాన్ వెళ్ళే వేళకి జనం పొలాల్లో పని ఆపి వచ్చి పట్టాల పక్కన నిలబడేవాళ్ళని మార్లీన్ చెప్పేది. వాళ్ళమ్మ అలా నిలబడిందట. తర్వాత హైవేలొచ్చాయి, విమానాలొచ్చాయి. ముందు బల్లల మీద రోజాలు మానేశారు, తర్వాత తెల్లగుడ్డలు, ఆ తర్వాత వంటవాళ్ళు, చివరికి రైలునే మానేశారు. ఈ బోగీలు ఎక్కడో మొక్కజొన్న చేలో పడి ఉంటే, కోళ్ళు ఎక్కి గుడ్లు పెట్టాయి. కోవిడ్ తగ్గాక ఓ డబ్బున్నాయన మోజుపడి బాగుచేయించి మళ్ళీ పట్టాలెక్కించాడు. మొదట్లో టికెట్ దొరకడమే గగనం. తర్వాత మోజు తీరింది. ఒకసారి ఎక్కి ఫోటోలు దిగినవాళ్ళు రెండోసారి ఎక్కలేదు. డీజిల్ ధర మండిపోయింది, పట్టాలు అద్దెకిచ్చే సరుకు రైళ్ళవాళ్ళు అద్దె పెంచారు. మళ్ళీ అదే దిగుడు. కాకపోతే ఈసారి రోజాలు మానలేదు, మెకానిక్కులని మానేశారు.

నాలుగో బోగీ దగ్గర ఎవరూ లేరు. దెబోరా కంకర మీద గొంతుకూచుని చక్రాల మధ్యకి చూసింది. పక్క ఇరుసుల మూతలు నల్లగా, నూనె జిడ్డుతో, దుమ్ముతో ఉన్నాయి. ఆమె వెతుకుతున్న మూత మాత్రం మెరిసిపోతోంది. దానికి ఎవరో కొత్తగా వెండి రంగు వేశారు. వేలితో ముట్టుకుంటే రంగు ఇంకా తడి తడిగా అంటింది. రంగు కింద పొక్కులు పొక్కులుగా తగిలింది, కాలిన చర్మం తడిమినట్టు. ముక్కు దగ్గరగా పెడితే రంగు వాసన వెనకాల ఇంకో వాసన ఉంది, మాడిన గ్రీజు వాసన.

పైన పటారం, లోన లొటారం అంటారు. ఇక్కడ లొటారం మీద చేయి పెట్టి చూస్తున్నా లొటారం అనే దిక్కు లేదు. రంగు ఎవరు వేయమన్నారని ఆమె నిచ్చెన మీద మనిషిని అడిగింది. రేపటికి అన్నీ మెరవాలన్నారు, మెరవనివాటికి రంగు వేశాం అన్నాడతను. అతని మొహంలో ఏ కల్మషమూ లేదు. ఒకడు హద్దు జరపమన్నాడు, ఒకతె జరిపింది, ఇంకొకడు రంగు వేశాడు. తిలా పాపం తలా పిడికెడు. పిడికెడే కదా అని ఎవరికి వాళ్ళకి హాయి.

ఇంటికి పోతూ కొత్తిమీర కోసం సూపర్ మార్కెట్‌లో ఆగింది. బిల్లు కౌంటర్ చివర సరుకులు సంచుల్లో వేస్తున్న మనిషిని చూసి వెనక్కి తిరగబోయింది గానీ అప్పటికే మార్లీన్ చేయి ఊపేసింది. ఆకుపచ్చ ఏప్రను కట్టుకుంది. అది ఆవిడకి పొట్టిగా ఉంది.

"చూశావా, రెండు రోజుల్లో పని దొరికింది," అంది మార్లీన్. కొత్తిమీర కట్టని సంచీలో వేయబోయి ఆగి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది వాసన వస్తోందా నీకు?"

"వస్తోంది."

"బాగా వస్తోందా?" ఆవిడ గొంతు తగ్గించింది. "నాకూ వస్తోంది. కానీ ఈమధ్య నమ్మకం పోయింది. నిన్న స్టవ్ కట్టేశానో లేదో అని పక్కింటావిడని పిలిచి వాసన చూడమన్నాను. ఆ వేళ కూడా అంతే అయ్యుంటుంది. మిషన్లన్నీ బాగుందంటే, నా ముసలి ముక్కు తప్ప ఇంకేముంటుంది? పాపం రైల్లో ఆ పెద్దమనిషి భార్య మణికట్టు, నా వల్లేగా."

ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. దెబోరా ఆ వాక్యం గొంతు దాకా తెచ్చుకుంది. వెనక వరసలో ఒకాయన పాల డబ్బా బెల్టు మీద పెట్టాడు. మార్లీన్ అటు తిరిగి, ఎలా ఉన్నారు అని ఆయన్ని పలకరించింది. దెబోరా సంచీ తీసుకుని బయటికొచ్చి కారులో కూర్చుంది.  స్టీరింగ్ మీద వేళ్ళకి వెండి రంగు ఇంకా అంటుకునే ఉంది.

*

శనివారం పొద్దున స్టేషన్లో బ్యాండు వాయిస్తున్నారు. ఎర్ర తివాచీ పరిచారు. కంపెనీ కొనబోయేవాళ్ళు మొదటి బోగీ ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే, అవినాష్ వాళ్ళ కోట్లు పట్టుకుని నిలబడ్డాడు. సంఘంవాళ్ళు ఆదివారం బట్టల్లో వచ్చారు. క్రిస్టినా స్టీలు డబ్బాని శాలువా కింద దాచి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. కొత్త అటెండెంటు కుర్రాడు చూసీ చూడనట్టు ఎక్కనిచ్చాడు.

వినయ్ ఎక్కే ముందు మెట్టు దగ్గర ఆగి దెబోరా వైపు చూశాడు. షారోన్ చేయి అతని చేతిలో ఉంది. ఏమైనా చెబుతావా అన్నట్టుంది ఆ చూపు. దెబోరా దారిలో కారులోనే అతనికి చెప్పింది, కండక్టరుకి చెప్పేస్తానని. తీరా వచ్చేసరికి బ్రయన్ కొనబోయేవాళ్ళ మధ్య ఉన్నాడు. ఇదిగో వెళ్తున్నా అనుకుంటుంటే అమ్మగారు చేయి పట్టుకుని లాగింది, అయ్యగారు పిలుస్తున్నారని. మంచి పనికి ముహూర్తం చూసేవాళ్ళకి ముహూర్తం దాటిపోవడమే అలవాటు.

గుమ్మటం కింద వెలుగు పుష్కలంగా ఉంది. నెత్తిన నీలం ఆకాశం, ఒక్కో బల్ల మీదా ఒక్కో రోజా. పిల్లలు గాజుకి మొహాలు ఆనించారు. సుందర్ రాజ్ గారు రెండు చేతులూ ఎత్తి అందర్నీ నిలబెట్టారు.

"రైలు కదలక ముందే ప్రయాణాన్ని దేవుని చేతికి అప్పగిద్దాం. అందరం కళ్ళు మూసుకుందాం. దెబోరమ్మా."

అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు. దెబోరా కూడా కప్పుకుని, సీటు వెనక రాడ్ పట్టుకుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ప్రేమగల దేవా," అంది. ఆ మాటలు ఆమెకి చిన్నప్పట్నించీ నోటికి వచ్చినవే, ఆలోచించే పని లేదు. "ఈ ఉదయకాలమందు మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు నీకు వందనాలు."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"ఈ ప్రయాణాన్ని నీ చేతికి..." అక్కడ ఆగింది. కాళ్ళ కింద ఇంజన్ అదురు సన్నగా తెలుస్తోంది. ఆయన చేతికి అప్పగించడానికి తనకి నోరెలా వస్తుంది? ఆ చక్రం తన చేతికి వచ్చినప్పుడు తనేం చేసింది?

"ప్రభువా, ఈ బోగీ కింద ఒక ఇరుసు పాడైపోయింది," అంది.

"స్తోత్రం తండ్రీ," అంది ఎవరో ఆడగొంతు.

"కిందటి శనివారం అది కాలింది. ఇవాళ కూడా కాలుతుంది. అలారం కొట్టకుండా చేసింది నేనే ప్రభువా."

"అవును ప్రభువా, క్షమించు తండ్రీ," అన్నారు సుందర్ రాజ్ గారు భక్తిగా.

"నాకు సోమవారం నుంచీ తెలుసు. దాని మీద రంగు వేశారు. ఒక నిర్దోషి ఉద్యోగం పోయింది. ఈ రైలు కదిలితే మేం ప్రాణాలతో తిరిగి వస్తామో లేదో నాకు తెలీదు."

"ఆమేన్! హల్లెలూయా!"

ఆ కేకకి దెబోరా కళ్ళు తెరిచింది. మూసిన రెప్పలు, చేతులెత్తిన మనుషులు, కొందరి చెంపల మీద కన్నీళ్ళు. ఎంత నిజం చెబితే అంత గట్టిగా స్తోత్రం చెబుతున్నారు. వాళ్ళలో ఒక్కరూ మెట్ల వైపు కదలలేదు. వినయ్ మాత్రం షారోన్‌ని ఎత్తుకుని ఆమెకేసే చూస్తున్నాడు. అతని పక్కన ఇంకో జత కళ్ళు తెరుచుకున్నాయి. అమ్మగారివి.

"దెబోరా," అంది దయామణి, ప్రార్థన మధ్యలోనే, ఆస్పత్రి వార్డులో మాట్లాడే గొంతుతో. "ఇప్పుడు నువ్వు చెప్పింది ప్రార్థనా, సమాచారమా?"

"సమాచారం, అమ్మగారూ."

 అమ్మగారు వంగి క్రిస్టినా సీట్లోంచి పులిహోర డబ్బా అందుకుంది.

"అయితే దిగండి. ముందు పిల్లలు. ప్రార్థన కింద చేసుకుందాం."

అంతమంది తెలుగువాళ్ళు ఒక్కసారిగా ఎర్ర తివాచీ మీదికి దిగేసరికి బ్యాండు తడబడి ఆగింది. బ్రయన్ పరుగున వచ్చాడు. అతని వెనకే అవినాష్. దెబోరా ఇంకోసారి చెప్పింది, ఇంగ్లీషులో, తప్పంతా తన మీదే వేసుకుని, ఇరుసు ఏ వైపుదో కూడా చెప్పింది. ఈసారి స్తోత్రం అనేవాళ్ళు లేరు.

బ్రయన్ అవినాష్ వైపు తిరిగాడు. "ఈవిడ చెప్పేది నిజమేనా?"

అవినాష్ చేతిలో ఇంకా ఎవరిదో కోటు ఉంది. అతను కొనబోయేవాళ్ళ వైపు చూశాడు, రైలు వైపు చూశాడు. దెబోరా వైపు మాత్రం చూడలేదు. కాదంటే సరిపోయేది. మిషన్లో అంతా పచ్చగానే ఉంది.

"చెక్ చేయించండి," అన్నాడు చాలా మెల్లగా.

కంపెనీలో మిగిలిన ఒక్క మెకానిక్‌కి మూత విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. లోపల గ్రీజు మాడి బొగ్గయిపోయింది. అతను చేయి పెట్టి తీస్తే అరచేతిలో ఇనప రజను మెరిసింది. ఆ చేయి బ్రయన్‌కి చూపించాడు. బ్రయన్ టోపీ తీసి, ఇంజన్ ఆపేయమని రేడియోలో చెప్పాడు. అదురు ఆగిపోయింది. కొనబోయేవాళ్ళ కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. మిగతా బోగీలవాళ్ళు కోట్లు వేసుకుంటూ, సణుక్కుంటూ దిగడం మొదలుపెట్టారు.

అవినాష్ దగ్గరికొచ్చి, "ఇంక మీకు ఆఫీస్‌ల పని లేదు, తెలుసు గద," అన్నాడు తెలుగులో. "నాక్కూడ లేదు." అతని గొంతులో కోపం కూడా లేదు. చేతిలోని కోటు ఎవరికివ్వాలో తెలీక బెంచీ మీద పెట్టి నడిచి వెళ్ళిపోయాడు.

ప్లాట్‌ఫారం చివర క్రిస్టినా కాగితం పళ్ళేల్లో పులిహోర పెడుతోంది. సుందర్ రాజ్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఒంటరిగా నిలబడ్డారు. తను దేనికి అవును ప్రభువా అన్నారో ఆయనకి ఇప్పుడిప్పుడే తెలిసొస్తున్నట్టుంది. వినయ్ వచ్చి దెబోరా భుజం మీంచి బ్యాగు తీసుకున్నాడు.

"కారు నేను డ్రైవ్ చేస్తాలే," అన్నాడు. సూట్‌కేసుల మాట ఇద్దరూ ఎత్తలేదు.

"ఒక్క నిమిషం," అని దెబోరా ఫోన్ తీసింది. మార్లీన్ ఎత్తగానే వెనకాల బిల్లు మిషన్ల చప్పుడు వినిపించింది. నిన్న గొంతులో ఆగిపోయిన వాక్యం ఈసారి ఆగలేదు. వాసన నిజం, మీ ముక్కు నిజం, మిషన్ని అబద్ధం ఆడించింది నేను అని చెప్పింది. రైలు కదలలేదని, ఇరుసు కాలి ఉందని చెప్పింది. క్షమించమని అడగబోయింది.

అవతల బిల్లు మిషన్లు మోగుతూనే ఉన్నాయి. తిడుతుందేమోనని దెబోరా ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"అందరూ దిగారా?" అని అడిగింది మార్లీన్.

దెబోరా వెనక్కి తిరిగి రైలు వైపు చూసింది. అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి. ఎవరో ముసలాయన మూడో బోగీ మెట్టు మీంచి జాగ్రత్తగా ఆఖరి కాలు కింద పెడుతున్నాడు. ఆ కాలు నేలకి ఆనేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"దిగారు."